విజయవాడ బెంజ్ సర్కిల్ అలవాట్లతో విదేశీ రోడ్డెక్కే ముందు

విదేశంలో కారు అద్దెకు తీసుకోవాలనుకుంటే, కనీసం నెల ముందు మీ డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, క్రెడిట్ కార్డు మూడూ పక్కపక్కన పెట్టి పేర్లు చదవండి. మనవాళ్లకు ఎక్కువగా చిక్కొచ్చేది ఇక్కడే. లైసెన్సులో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమై ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, క్రెడిట్ కార్డు మీద చోటు చాలక పేరు సగంలో తెగిపోయి ఉంటుంది. విజయవాడలో ఎవరూ పట్టించుకోని ఈ తేడాని అక్కడి కౌంటర్‌లో పట్టుకుంటారు. లైసెన్సులో పేరు సరిచేయించాల్సి ఉంటే ముందు ఆ పని చేయించండి. విదేశంలో మన లైసెన్సుకి తోడుగా చూపించే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మీదికి అదే పేరు ఎక్కుతుంది.

లైసెన్సులో కారు నడిపే అర్హత, అంటే ఎల్ఎంవీ, ఉందో లేదో చూడండి. బైకుకి మాత్రమే తీసుకున్న లైసెన్సు చెల్లదు. తీసుకుని ఏడాదైనా నిండని లైసెన్సుకి చాలా కంపెనీలు కారివ్వవు. వయసు 25 లోపైతే రోజుకింతని అదనపు రుసుము వేస్తాయి.

పర్మిట్ కోసం పరివాహన్ సారథి వెబ్‌సైట్‌లో ఆంధ్రప్రదేశ్ ఎంచుకుని, లైసెన్సు సేవల్లో దరఖాస్తు చేయాలి. ఫారం 4ఎ, లైసెన్సు, పాస్‌పోర్టు కాపీలు, ఫొటోలు కావాలి. ఫీజు 1,000 రూపాయలు, సర్వీసు చార్జీ అదనం. పర్మిట్ ఏడాది వరకు చెల్లుతుంది. లైసెన్సు గడువు అంతకన్నా ముందే తీరిపోతే పర్మిట్ కూడా ఆ రోజుతో సరి. ఒక్క సంగతి మరిచిపోవద్దు: పర్మిట్ ఒంటరిగా చెల్లదు, దాని వెంట అసలు లైసెన్సు ఉండాలి. ఫోన్‌లో డిజిలాకర్ తెరిచి చూపిస్తే బెంజ్ సర్కిల్ దగ్గర పోలీసు వదిలేస్తారేమో గానీ, అద్దె కౌంటర్‌లో ప్లాస్టిక్ కార్డే అడుగుతారు.

దేశాన్ని బట్టి నిబంధన మారుతుంది. బ్రిటన్‌లో సందర్శకులు మన లైసెన్సుతోనే 12 నెలల దాకా మామూలు కారు నడపొచ్చు. జపాన్‌లో పర్మిట్ లేకపోతే కుదరదు. అమెరికాలో రాష్ట్రానికొక పద్ధతి. శ్రీలంకలో మన పర్మిట్ ఉన్నా అక్కడి ఆమోదం విడిగా తీసుకోవాలి. చట్టం అడగకపోయినా అద్దె కంపెనీ అడగొచ్చు కాబట్టి పర్మిట్ తీసుకునే వెళ్లండి.

డబ్బు సంగతి

ముందుగా విదేశీ డబ్బు నింపుకునే ఫారెక్స్ కార్డుతో డిపాజిట్ కడదామనుకుంటే చాలా చోట్ల కుదరదు. నడిపే మనిషి పేరు మీదున్న క్రెడిట్ కార్డే కావాలి, అబ్బాయి పేరున్న కార్డు నాన్నగారి బుకింగ్‌కి పనికిరాదు. బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలు ఆన్ చేసి, పరిమితి పెంచుకోండి. అద్దె కాక డిపాజిట్ కింద పెద్ద మొత్తమే ఆపుతారు. కారు తిరిగిచ్చాక అది విడుదల కావడానికి రెండు వారాలు కూడా పట్టొచ్చు, ఆ సొమ్ము హోటల్ ఖర్చుకి దొరుకుతుందని లెక్క వేసుకోవద్దు.

ఇన్సూరెన్స్‌లో రెండు వేర్వేరు విషయాలున్నాయి. ఒకటి అద్దె కారుకి జరిగే నష్టం. రెండోది మీ వల్ల అవతలివాళ్లకి జరిగే నష్టం. అమెరికాలో ఉండేవాళ్లకు సొంత కారు పాలసీ ఉంటుంది కాబట్టి కౌంటర్‌లో ఇచ్చేవి వద్దంటారు. వాళ్ల మాట విని మీరూ వద్దనకండి. వాళ్ల పాలసీ మీకు దానంతటదే వర్తించదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో చట్టం కోరే థర్డ్ పార్టీ మొత్తం, అంటే అవతలివాళ్లకి ఇచ్చేది, తక్కువ, ఒక్క ఆసుపత్రి బిల్లుకే చాలదు. అందుకని అదనపు లయబిలిటీ కవర్ తీసుకోవడం మంచిది. కారు కవర్ ఉన్నా ఎక్సెస్ అని కొంత మొత్తం మీ మీదే ఉంటుంది, అదెంతో అడిగి రాయించుకోండి. టైర్లు, అద్దాలు, పైకప్పు, అడుగుభాగం చాలా పాలసీల్లోకి రావు. బుకింగ్ వెబ్‌సైట్లు అమ్మే ఫుల్ కవరేజీ చాలావరకు రీయింబర్స్‌మెంటే: ముందు మీరు కట్టాలి, తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి.

తాళం చేతికొచ్చాక

అరగంట పార్కింగ్‌లోనే ఉండండి. ముందు కారు చుట్టూ ఒక వీడియో తీయండి: నాలుగు రిమ్ములు, బంపర్ల మూలలు, ముందు అద్దంలో చిన్న చిట్లు, పైకప్పు. గీతలు, సొట్టలు కంపెనీ కాగితంలో రాయించాకే గేటు దాటండి. మీటర్ రీడింగు, ఇంధనం ముల్లు ఫొటో తీసుకోండి. స్టెప్నీ ఉందో లేదో చూడండి, ఈ మధ్య చాలా కార్లలో దాని బదులు గాలి నింపే కిట్ మాత్రమే ఉంటోంది. పిల్లలుంటే చైల్డ్ సీటు బుకింగ్‌లోనే అడగాలి. యూరప్‌లో గేర్ల కార్లు ఎక్కువ కాబట్టి ఆటోమేటిక్ కావాలంటే అదీ ముందే చెప్పాలి.

అమెరికా, దుబాయ్, యూరప్‌లో చాలా దేశాల్లో కుడి పక్కన నడపాలి, స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. గుర్తు పెట్టుకోవాల్సింది ఒక్కటే: ఇక్కడైనా అక్కడైనా డ్రైవర్ సీటు రోడ్డు మధ్యకి దగ్గరగా ఉంటుంది. మలుపు తిరిగాక మీరు ఫుట్‌పాత్ పక్కన కూర్చుని ఉన్నారంటే తప్పు వైపు ఉన్నట్టే. ఇక్కడ మారుతి, హ్యుందాయ్ కార్లలో ఇండికేటర్ కుడిచేతి కింద ఉంటుంది, అక్కడ ఎడమచేతి కింద. మొదటి రోజంతా మలుపు దగ్గర వైపర్లు ఆడుతూనే ఉంటాయి, కంగారు పడకండి. మన కారులో బండి వెడల్పంతా ఎడమ పక్కన ఉంటుంది కాబట్టి, అక్కడ తెలియకుండానే కారు కుడికి జరిగి రిమ్ములు అంచుకి రాసుకుంటాయి. కుడి అద్దంలో లేన్ గీత చూస్తూ సరిచేసుకోండి.

హైవే మీద కంటే ఖాళీ రోడ్డు మీదే ప్రమాదం ఎక్కువ. ముందు వెళ్లే బండి ఉంటే దాన్ని చూసి నడుపుతాం. పొద్దున్నే హోటల్ నుంచో, పెట్రోల్ బంకు నుంచో నిర్మానుష్యమైన రోడ్డు మీదికి వచ్చినప్పుడు చేతులు పాత వైపుకే తిప్పుతాయి. పక్క సీట్లో ఉన్నవాళ్లు ప్రతిసారీ ‘కుడి, కుడి’ అని పైకి చెప్పాలి.

విజయవాడ నుంచి గుంటూరు వెళ్తుంటే కాజ టోల్ గేట్ దాకా లారీలు కుడి లేన్ వదలవు, మనం ఎడమనుంచి దాటేస్తాం. ఆ అలవాటుని గన్నవరం విమానాశ్రయంలోనే వదిలేయండి. జర్మనీలో ఆటోబాన్ అనే హైవేల మీద కుడినుంచి దాటడం నిషేధం, ఎడమ లేన్ దాటడానికే. ఇక్కడ డిప్పర్ కొడితే ‘నేనొస్తున్నా, ఆగు’ అని. బ్రిటన్‌లో చాలామంది ‘మీరు వెళ్లండి’ అనే అర్థంలో కొడతారు. రౌండ్‌అబౌట్‌లో ముందే తిరుగుతున్న బండికి దారివ్వాలి. అమెరికాలో స్టాప్ బోర్డు దగ్గర చక్రాలు పూర్తిగా ఆగాలి, నాలుగు వైపులా స్టాప్ ఉంటే ముందు వచ్చిన బండి ముందు వెళ్తుంది. స్కూలు బస్సు ఎర్ర లైట్లు వెలిగించి ఆగితే, డివైడర్ లేని రోడ్డు మీద ఎదురుగా వచ్చేవాళ్లూ ఆగాలి. అమెరికాలో స్పీడు బోర్డులు మైళ్లలో ఉంటాయి: 65 అంటే దాదాపు 105 కిలోమీటర్లు. పోలీసు వెనక లైట్లు వేస్తే కుడి పక్కకి ఆపి, దిగకుండా, చేతులు స్టీరింగ్ మీదే ఉంచండి. ఇక్కడిలా దిగి ఎదురెళ్లి మాట్లాడబోతే వాళ్లు దాన్ని బెదిరింపుగా తీసుకుంటారు.

రాత్రి విమానం దిగిన వెంటనే నడపకండి. గన్నవరంలో బయల్దేరి అమెరికా చేరేసరికి ఒక రోజు గడిచిపోతుంది, శరీరానికి అక్కడి రాత్రి మన పగలు. నిద్ర తీరాక మర్నాడు కారు తీసుకుంటే ఒక రోజు అద్దె కూడా మిగులుతుంది.

పెట్రోల్ పోయించేటప్పుడు పైపు రంగుని నమ్మొద్దు. బ్రిటన్‌లో పచ్చ పిడి పెట్రోలుది, నల్లది డీజిలుది. అమెరికాలో చాలా బంకుల్లో పచ్చ పిడే డీజిలుది. మూత లోపల రాసింది చదివి పోయించండి. పొరపాటున మారిపోతే ఇంజన్ స్టార్ట్ చేయకుండా కంపెనీకి ఫోన్ చేయండి, స్టార్ట్ చేస్తే నష్టం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ట్యాంకు మూత ఏ పక్కనో డాష్‌బోర్డులో పెట్రోల్ బొమ్మ పక్కన చిన్న బాణం చెబుతుంది. అమెరికాలో పంపు దగ్గర మెషీన్ జిప్ కోడ్ (అక్కడి పిన్ కోడ్) అడిగి మన కార్డు తిప్పికొడితే, లోపలికి వెళ్లి పంపు నంబరు చెప్పి ముందుగా కట్టండి.

ఏదైనా గుద్దుకుంటే ముందు మనుషుల్ని చూడండి. తర్వాత పోలీసులకి చెప్పండి: అమెరికాలో 911, యూరప్‌లో 112, ఆస్ట్రేలియాలో 000, దుబాయ్‌లో 999. దుబాయ్‌లో పోలీసు రిపోర్టు లేకుండా ఇన్సూరెన్స్ పనిచేయదు, గీత పడినా రిపోర్టు తీసుకోవాలి.

తిరిగిచ్చే రోజు దగ్గరి బంకులో ట్యాంకు నింపి రసీదు ఉంచుకోండి, లేకపోతే కంపెనీ తన రేటుకి నింపి బిల్లు వేస్తుంది. సీట్లు తుడవండి. ఆవకాయ నూనె మరక కనిపిస్తే శుభ్రం చేసినందుకు విడిగా వసూలు చేస్తారు. మనిషి ఎదుట కారు చూపించి, వీడియో మళ్లీ తీసి, ఏ నష్టమూ లేదని కాగితం తీసుకోండి. టోల్, ఫైన్ బిల్లులు మీరు ఇంటికి చేరిన కొన్ని వారాలకు కూడా అదే కార్డు మీద పడతాయి, అంతదాకా ఆ వీడియోలు, రసీదులు చెరిపేయవద్దు.