తాబేలుకి మన కంచంలోది పెట్టొచ్చా?

మధ్యాహ్నం మిగిలిన పెరుగన్నం ఓ ముద్ద తొట్టెలో వేస్తే రెడ్ ఇయర్డ్ స్లైడర్ (ఇళ్లలో పెంచుకునే ఒక రకం నీటి తాబేలు) ఆబగా తినేస్తుంది. తిన్నంత మాత్రాన అరిగినట్టు కాదు. పాలల్లో ఉండే చక్కెర తాబేలుకి అరగదు. పాలు, పెరుగు, పన్నీరు ఏది పెట్టినా విరేచనాలే. పైగా తినగా మిగిలిన మెతుకులు విడిపోయి, తెల్లారేసరికి నీళ్లు తెల్లగా జిగటకట్టి పులిసిన వాసన కొడతాయి. చోడి అంబలి పోసినా అంతే.

ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, అవకాడో, టీ, కాఫీ అసలు పెట్టకండి. తాలింపు వేసిన కూరలూ వద్దు. ఆవకాయ బద్ద, చేగోడీలు, ఉప్పు జల్లిన పలాస జీడిపప్పు మూత్రపిండాల మీద భారం. ఎండు చేపలు కడిగి పెట్టినా ఉప్పు పూర్తిగా పోదు. పనసతొన, అరటిపండు వారానికి గోరంత ముక్క మించితే కడుపు పాడవుతుంది.

వెంటనే బయటపడని నష్టం గోంగూర, పాలకూరలతో. వాటిలోని ఆక్సలేట్లు కాల్షియంని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. ఉత్త కోడిమాంసంలో భాస్వరం కాల్షియం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. రోజూ అదే పెడితే డొప్ప మెత్తబడుతుంది. ఎదిగిన తాబేలు డొప్ప అంచుని బొటనవేలితో మెల్లగా నొక్కి చూడండి. అట్టముక్కలా లొంగితే పశువైద్యుడికి చూపించాలి. పిల్లలకి మాత్రం కాస్త మెత్తగా ఉండటం మామూలే.

తాబేళ్ల కోసం అమ్మే మేత గుళికలు (పెల్లెట్లు) మొత్తం కలిపి దాని తలకాయంత ఉంటే చాలు. పిల్లలకి రోజూ, పెద్దవాటికి రోజు విడిచి రోజు. పైన మునగాకు, మందారాకు వేయండి. ఇది నీళ్లలోనే మింగగలదు, గట్టు మీద పెడితే లాభం లేదు. అరగంటకి మిగిలినది తీసేయండి. కాల్షియంకి మూలికల కొట్లో దొరికే సముద్రపు నురుగు (కటిల్ ఫిష్ ఎముక) ముక్క తొట్టెలో వేయండి. ఒడ్డున ఏరుకున్నదైతే నీళ్లు మారుస్తూ మూడు రోజులు నానబెట్టాలి. పొద్దుటి ఎండ నేరుగా తగలాలి, పక్కన నీడ ఉండాలి. గాజులోంచి వచ్చే ఎండ డొప్పకి పనికిరాదు.

శ్రీకూర్మం గుడిలో కనిపించే నక్షత్ర తాబేళ్లు నేల మీద తిరిగేవి, ఆకులు తినేవి. వాటిని ఇంట్లో పెంచడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. చెరువులో దొరికిన తాబేలునీ ఇంటికి తేకండి.

పొరపాటున ఉల్లి, చాక్లెట్ లాంటిది తినేస్తే విరుగుడంటూ పాలు, ఉప్పునీళ్లు పోయకండి. మిగిలినది తీసేసి, ఎంత తిందో, ఎప్పుడు తిందో రాసుకుని, ఆ కాగితంతో డాక్టరు దగ్గరకి తీసుకెళ్లండి.