ఆదివారం మా వీధి ఆటలకే

ముప్పై ఏళ్ళు బళ్ళో పీఈటీగా ఈల ఊదాను. రిటైరయ్యాక కాకినాడలో మా వీధి వాళ్ళను ఆదివారం పొద్దున్నే ఆటలకు రోడ్డెక్కిస్తున్నాను. మీ వీధిలోనూ చేసుకోవచ్చు.

మొదటిసారి నేను చేసిన తప్పు పరుగుపందెం పెట్టి, స్టీలు డబ్బాలు బహుమతులనడం. నలుగురు కుర్రాళ్ళు పరిగెత్తారు, మిగతా వీధంతా గోడ పట్టుకుని చూసింది. బహుమతులు, మైకు, ముఖ్య అతిథి... మూడూ మానేశాకే జనం దిగారు.

ముందు 200 మీటర్ల ముక్క చూసుకోండి, బస్సు తిరగని వీధైతే మేలు. పోలీస్ స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి, వాళ్ళు సరేనన్నాకే మొదలుపెట్టండి. అడ్డంగా తాడు మాత్రం కట్టొద్దు, బండి మీద వచ్చేవాడి మెడకు తగులుతుంది. రెండు చివర్లా బల్లలు వేసి, పక్కన మనిషిని నిలబెట్టండి. అంబులెన్స్ వస్తే క్షణంలో తీసెయ్యాలి. కొలంబియాలోని బొగోటాలో 1974 నుంచీ ఆదివారాలు రోడ్లకు రోడ్లే మూసి జనానికి వదిలేస్తున్నారు. మనం అడిగేది ఒక్క వీధి, అదీ 6 నుంచి 7:30 దాకా. ఎండాకాలమైతే ఇంకో అరగంట ముందు.

అసలు పని శనివారం సాయంత్రం ఉంటుంది. వాట్సాప్‌లో పెడితే చేతులు జోడించిన బొమ్మలొస్తాయి, మనుషులు రారు. ఇంటికెళ్ళండి. వ్యాయామానికి రమ్మనకండి, పని చెప్పండి. "వదినగారూ, రేపు తాడు మీరే తిప్పాలి" అన్నాను. నైటీ మీద చున్నీ వేసుకుని గేటు దాటని ఆవిడ వచ్చి తిప్పింది, మూడోవారం తనే గెంతింది. తాడంటే నూతి చేదతాడు, ఆరు మీటర్లది. ప్లాస్టిక్‌ది గాలికి తేలిపోతుంది.

సిమెంటు రోడ్డు మీద కబడ్డీ వద్దు, మోకాళ్ళు చెక్కుకుపోతాయి. ఏడుపెంకులాటకు టెన్నిస్ బంతి చాలు. తొక్కుడుబిళ్ళ గళ్ళు సుద్దతో గీయండి, ముగ్గుపిండైతే కాలు జారుతుంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు కుర్చీ వేసి, కూర్చునే చేతులూ కాళ్ళూ ఆడించమనండి. ఎవరికైనా గుండెల్లో పట్టేసినట్టున్నా, కళ్ళు తిరిగినా ఆట ఆపేసి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, మజ్జిగిచ్చి ఇంటికి పంపడం కాదు.

చివర్లో రాగిజావ. అరవై మందికి అరకిలో పిండి చన్నీళ్ళలో కలిపి, ఏడు లీటర్ల మరిగే నీళ్ళలో పోసి ఉడికించాలి. చల్లారాక రెండు లీటర్ల మజ్జిగ, ఉప్పు. వేడిమీద పోస్తే మజ్జిగ విరుగుతుంది.

పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదలాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆదివారం పోను మిగిలిన గంటకు ఇరుగుపొరుగులను ఇద్దరిద్దరిగా నడకకు జతచెయ్యండి.

ఇక తాడు. ప్రతివారం దాన్ని వేరే ఇంటికి పంపుతాను. తాడు ఎవరింట్లో ఉంటే వాళ్ళు వచ్చే ఆదివారం ఎలాగూ దిగాల్సిందే.