డేటాబేస్ వీఎం స్లోగా ఉందా? ముందు స్టోరేజ్ పాత్‌లు చూడండి

సమస్య: వీఎంవేర్ మీద వీఎం (వర్చువల్ మెషీన్)గా నడిచే ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్ రాత్రి బ్యాచ్ జాబ్‌ల టైంకి మొరాయిస్తుంది. ఎర్రర్ లాగ్‌లో ఐఓ (డిస్క్‌లో చదవడం, రాయడం) 15 సెకన్లు దాటిందని 833 నంబరు మెసేజ్ కనబడుతుంది, సీపీయూ చూస్తే ఖాళీగానే ఉంటుంది. డేటాబేస్ చూసుకునే డీబీఏ స్టోరేజ్ టీమ్‌ని అడిగితే వాళ్లు మా దగ్గర అంతా బాగానే ఉందంటారు, అది నిజమే కావచ్చు కూడా. ఎందుకంటే డేటాబేస్‌కీ స్టోరేజ్‌కీ మధ్యలో హోస్ట్, అంటే వీఎంలు నడిచే అసలు సర్వర్ ఉంది, దాన్ని ఎవరూ చూడరు.

హోస్ట్‌లో ఈఎస్ఎక్స్‌టాప్ (పనితీరు నంబర్లు చూపించే టూల్) తెరిచి యూ కీ నొక్కండి. అక్కడ డీఏవీజీ అంటే హోస్ట్‌లోని స్టోరేజ్ కార్డు నుంచి స్టోరేజ్ దాకా వెళ్లి రావడానికి పట్టిన టైం, కేఏవీజీ అంటే హైపర్‌వైజర్ (వీఎంలని నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్) లోపలే ఆగిపోయిన టైం. ఎక్కడ వెతకాలో ఈ రెండే చెప్తాయి.

డీఏవీజీ 25 మిల్లీసెకన్లు దాటి అక్కడే నిలబడితే: ఆ లన్‌కి (స్టోరేజ్ హోస్ట్‌కి ఇచ్చిన డిస్క్‌కి) హోస్ట్ నుంచి ఎన్ని పాత్‌లు, అంటే దారులు ఉన్నాయో, అందులో ఎన్ని డెడ్ అయ్యాయో చూడండి. డెడ్ పాత్ కనిపిస్తే కేబుల్, ఎస్ఎఫ్‌పీ (కేబుల్ గుచ్చే మాడ్యూల్), జోనింగ్ (స్విచ్‌లో ఏది దేనితో మాట్లాడాలో పెట్టే సెట్టింగ్) వరసగా చెక్ చేయాలి. అన్నీ బతికే ఉన్నా పాత్ ఎంచుకునే పాలసీ ఫిక్స్‌డ్‌లో ఉంటే లోడ్ అంతా ఒక్క పాత్ మీదే పడుతుంది. మీ స్టోరేజ్ కంపెనీ సరే అంటే పాత్‌లని వంతులవారీగా వాడే రౌండ్ రాబిన్‌కి మార్చండి. మామూలుగా అది 1000 ఐఓలకి ఒకసారి పాత్ మారుస్తుంది, చాలా కంపెనీలు దాన్ని 1కి తగ్గించమంటాయి. ఈ మార్పు లన్ లన్‌కీ విడిగా చేస్తే రేపు కొత్తగా ఇచ్చిన లన్ మళ్లీ పాత పాలసీతోనే వస్తుంది, అందుకే కొత్త లన్‌లకీ తనంతట వర్తించే క్లెయిమ్ రూల్‌గా పెట్టండి.

డీఏవీజీ తక్కువే ఉండి కేఏవీజీ 2 మిల్లీసెకన్లు దాటితే హోస్ట్‌లో ఐఓలు వేచి ఉండే క్యూ నిండిపోయిందన్నమాట. డేటా, లాగ్, టెంప్‌డీబీ (తాత్కాలిక డేటాబేస్) డిస్కులు అన్నీ వీఎంలోని ఒకే ఎల్ఎస్ఐ రకం డిస్క్ కంట్రోలర్ కింద ఉన్నాయేమో కూడా చూడండి, చాలా చోట్ల అలాగే ఉంటాయి, ఆ కంట్రోలర్ క్యూ గెస్ట్ (వీఎంలోని విండోస్) లోపలే నిండుతుంది కాబట్టి ఈఎస్ఎక్స్‌టాప్‌లో కనబడదు. వీఎంకి నాలుగు కంట్రోలర్ల దాకా పెట్టుకోవచ్చు కాబట్టి పారావర్చువల్ (వీఎంల కోసమే చేసిన వేగమైన రకం) కంట్రోలర్లు యాడ్ చేసి డిస్కులు పంచండి, డేటా, లాగ్‌లని వేర్వేరు లన్‌ల మీదకి మార్చండి. బూట్ డిస్క్ జోలికి మాత్రం పోవద్దు, డ్రైవర్ లేకపోతే విండోస్ బ్లూ స్క్రీన్‌తో ఆగిపోతుంది. ఇంకో విషయం, కంట్రోలర్ మార్చాక డిస్కులు ఆఫ్‌లైన్‌లో కనిపించొచ్చు. టెన్షన్ పడకండి, డేటా ఎక్కడికీ పోలేదు, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆన్‌లైన్ చేసి అప్పుడు డేటాబేస్ సర్వీస్ స్టార్ట్ చేయండి.

రెండు నంబర్లూ బాగుండి, గెస్ట్‌లోనూ క్యూ లేకుండా ఇంకా స్లోగానే ఉందంటే హోస్ట్ సర్వర్ బయోస్ (మెషీన్ మొదటి సెట్టింగ్స్) చూడాలి. పవర్ ప్రొఫైల్ కరెంటు ఆదా చేసే మోడ్‌లో ఉంటే పెర్ఫార్మెన్స్‌కి మార్చండి. వీఎం వీసీపీయూలు (వర్చువల్ సీపీయూలు), మెమరీ ఒక నూమా నోడ్‌లో (ఒక ప్రాసెసర్, దాని పక్కనున్న మెమరీలో) పట్టేటట్టు ఉంటే ఇంకా మంచిది.

ఒక్క హోస్ట్‌లో సరిచేసి వదిలేయకండి. నడుస్తున్న వీఎంని హోస్ట్ మార్చే వీమోషన్‌తో వీఎం రేపు పక్క హోస్ట్‌కి వెళ్తుంది, అక్కడ పాత పాలసీ ఉంటే సమస్య మళ్లీ మొదటికొస్తుంది. పాత్ పాలసీ, బయోస్ ప్రొఫైల్ క్లస్టర్‌లోని (కలిపి నడిపే హోస్ట్‌ల గుంపులోని) ప్రతి హోస్ట్‌లోనూ ఒకేలా ఉన్నాయని చూసుకున్నాకే టికెట్ క్లోజ్ చేయండి.