ఉద్యోగుల శిక్షణ, నైపుణ్యాల యాప్‌ను సీఆర్‌ఎంపై నిర్మించడం ఎలా?

సీఆర్‌ఎం (ఖాతాదారుల వివరాలను, వారితో జరిగిన వ్యవహారాలను నిర్వహించే సాఫ్ట్‌వేర్) అనగానే అమ్మకాల విభాగమే గుర్తుకు వస్తుంది. అయితే దాని లోపలి నిర్మాణంలో ఉండేవి ఒక వ్యక్తి, ఆ వ్యక్తితో ఇప్పటివరకు జరిగిన వ్యవహారాల చరిత్ర, ఇకముందు చేయవలసిన పని, ఆ పనికొక తేదీ. ఖాతాదారు ఉన్న చోట ఉద్యోగిని, కొనుగోలు ఉన్న చోట శిక్షణను ఉంచి చూస్తే, ఎవరు ఏమి నేర్చుకున్నారు, ఎవరి సర్టిఫికెట్‌కు ఎప్పుడు గడువు తీరుతుంది అన్న లెక్కకు కావలసిన పట్టికలు, ఆటోమేషన్, అనుమతులు, రిపోర్టులు అన్నీ అందులో అప్పటికే ఉన్నాయని తెలుస్తుంది. సేల్స్‌ఫోర్స్, డైనమిక్స్ 365, జోహో సీఆర్‌ఎం వంటి వాటికి ఇప్పటికే చందా కడుతున్న సంస్థ, ఈ ఒక్క అవసరం కోసం మరో సాఫ్ట్‌వేర్ కొనే ముందు ఈ దారిని పరిశీలించడం మంచిది.

ఒక హద్దును మాత్రం మొదటే గీసుకోవాలి. వీడియో పాఠాలు చూపించడం, ఆన్‌లైన్ పరీక్ష పెట్టడం, స్కార్మ్ ప్యాకేజీలను (ఒక ప్రామాణిక రూపంలో తయారైన ఆన్‌లైన్ పాఠాలను) నడపడం ఎల్‌ఎంఎస్ (ఆన్‌లైన్ శిక్షణను నడిపే సాఫ్ట్‌వేర్) చేయవలసిన పనులు. ఎల్‌ఎంఎస్ ఉన్నట్లయితే, అందులో పూర్తయిన కోర్సుల వివరాలు రోజుకొకసారి సీఆర్‌ఎంలోకి వచ్చేలా కలిపితే చాలు. ఆ పనులను కూడా సీఆర్‌ఎం చేతనే చేయించబోతే ఖర్చు పెరుగుతుంది, అసలు లెక్క వెనకబడుతుంది.

మొదట ప్రశ్నలు

స్క్రీన్ ముందు కూర్చోవడానికి ముందే, ఈ యాప్ ఏ ప్రశ్నలకు జవాబు చెప్పాలో కాగితం మీద రాసుకోవాలి. "రాబోయే మూడు నెలల్లో ఎవరి భద్రతా సర్టిఫికెట్ గడువు తీరుతుంది?", "ఈ యంత్రాన్ని ఎవరి సాయమూ లేకుండా నడపగలవారు రాత్రి షిఫ్టులో ఎంతమంది ఉన్నారు?", "ఈ ఉద్యోగి పై హోదాకు వెళ్లాలంటే ఇంకా ఏమి నేర్చుకోవాలి?" వంటివి. ఎవరు ఏ తరగతికి హాజరయ్యారన్న సమాచారం ఒక్కటే చేతిలో ఉంటే వీటిలో దేనికీ పూర్తి జవాబు దొరకదు. హాజరు ఒక సంఘటన. నైపుణ్యం ఒక స్థితి. ఫలానా తేదీన ఫలానా వ్యక్తి పరీక్షించి నిర్ధారించినది. ఈ రెండింటినీ ఒకే పట్టికలో కలిపేసిన యాప్ ఎంత అందంగా ఉన్నా హాజరు పట్టీగానే మిగిలిపోతుంది కాబట్టి, కింద వివరించే నిర్మాణమంతా ఆ రెండింటినీ విడదీయడం మీదే నిలబడి ఉంది.

పట్టికల నిర్మాణం

ఎక్కువ సమయం వెచ్చించవలసిన చోటు ఇదే; ఇక్కడ తొందరపడి చేసిన తప్పును తరువాత ఏ రిపోర్టూ సరిదిద్దలేదు.

ఉద్యోగులను సీఆర్‌ఎంలోని కాంటాక్టుల పట్టికలోనే చేర్చాలన్న ఆలోచన సులువుగా కనిపిస్తుంది గాని, అలా చేస్తే ఖాతాదారులకు వెళ్లవలసిన ప్రచార మెయిళ్లు సొంత సిబ్బందికి వెళ్తాయి, సిబ్బంది వివరాలు అమ్మకాల బృందం కంట పడతాయి. యూజర్ల పట్టికను వాడుకోవడమూ కుదరదు. లాగిన్ లైసెన్సు ఉన్నవారే అందులో ఉంటారు, కర్మాగారంలో పనిచేసే చాలామందికి ఆ లైసెన్సు ఉండదు. పైగా సేల్స్‌ఫోర్స్‌లో యూజర్ ఆబ్జెక్టును (యూజర్ల పట్టికను) మాస్టర్-డీటెయిల్ సంబంధంలో (ఒక రికార్డు కింద ఉండేవి పూర్తిగా దాని మీదే ఆధారపడే సంబంధంలో) మాస్టర్‌గా పెట్టడానికి వీలు లేదు. అందుచేత 'ఉద్యోగి' అనే ప్రత్యేక పట్టికను తయారుచేసి, లాగిన్ ఉన్నవారికి మాత్రం యూజరుతో లుకప్ (మరో పట్టికలోని రికార్డును చూపే ఫీల్డ్) కలపాలి. ఉద్యోగి సంఖ్యను పునరావృతం కాని గుర్తింపు ఫీల్డ్‌గా నిర్ణయించాలి. పేర్లు ఒకేలా ఉండవచ్చు, మెయిల్ చిరునామాలు మారవచ్చు, సంఖ్య మారదు.

తరువాతివి 'హోదా', 'నైపుణ్యం'. ఒక హోదాకు అనేక నైపుణ్యాలు కావాలి, ఒక నైపుణ్యం అనేక హోదాలకు కావాలి. ఈ రెండింటి మధ్య 'హోదా అవసరం' అనే అనుసంధాన పట్టికను పెట్టి, ఆ హోదాకు ఆ నైపుణ్యంలో ఏ స్థాయి కావాలో, అది తప్పనిసరో కాదో అందులో రాయాలి. డైనమిక్స్ వాడేవారు ఇక్కడ ఒక విషయం గమనించాలి: అందులో సిద్ధంగా దొరికే అనేక-అనేక సంబంధానికి అదనపు కాలమ్‌లు చేర్చలేము. స్థాయిని రాయడానికి చోటు కావాలంటే అనుసంధాన పట్టికను మనమే చేతితో తయారుచేసుకోవాలి.

శిక్షణ వైపు మూడు పట్టికలు సరిపోతాయి. 'కోర్సు'లో పాఠ్యాంశం, వ్యవధి, సర్టిఫికెట్ ఎన్ని నెలలు చెల్లుతుంది అన్నవి ఉంటాయి. 'బ్యాచ్'లో తేదీ, శిక్షకుడు, సీట్లు ఉంటాయి. 'నమోదు' పట్టిక ఉద్యోగిని బ్యాచ్‌తో కలిపి హాజరు, మార్కులు, పూర్తయిన తేదీ నిలుపుకుంటుంది. కోర్సు ఏ నైపుణ్యాలకు ఉద్దేశించినదో చెప్పడానికి మరో చిన్న అనుసంధాన పట్టిక అవసరమవుతుంది.

నైపుణ్యం వైపు అసలైన పట్టిక 'మదింపు'. ఉద్యోగి, నైపుణ్యం, స్థాయి, తేదీ, మదింపు చేసిన వ్యక్తి, ఆధారం అన్నవి ఇందులోని ఫీల్డ్‌లు. దీనిలోని రికార్డును ఎవరూ దిద్దకూడదు. స్థాయి మారితే కొత్త రికార్డు చేర్చాలి. పాత స్థాయిని చెరిపి కొత్తది రాసుకుంటూ పోతే, గత ఏడాది ఈ బృందం ఎక్కడ ఉండేదో చెప్పడానికి ఆధారమే మిగలదు. ఆధారం ఫీల్డ్‌ను తేలికగా తీసుకోకూడదు. సిబ్బంది సామర్థ్యానికి రుజువుగా పత్రాలను భద్రపరచాలని నాణ్యతా నిర్వహణకు సంబంధించిన ఐఎస్ఓ 9001:2015 ప్రమాణంలోని 7.2 క్లాజు కోరుతుంది. తనిఖీకి వచ్చినవారు మొదట అడిగేవాటిలో ఇది ఒకటి.

చివరగా, 'ఉద్యోగి నైపుణ్యం' అనే సారాంశ పట్టిక. ప్రతి ఉద్యోగికి, ప్రతి నైపుణ్యానికి ఒకే వరుస. అందులో కావలసిన స్థాయి, ప్రస్తుత స్థాయి, ఆ రెండింటి మధ్య లోటు, ప్రస్తుత స్థాయిని మదింపు చేసిన తేదీ. ఉద్యోగి సంఖ్యను, నైపుణ్యం కోడ్‌ను కలిపి ఒక ఫీల్డ్‌గా చేసి, అది పునరావృతం కాకూడదని నిబంధన పెడితే నకలు వరుసలు పుట్టవు. ఈ పట్టిక ఎందుకంటే, రిపోర్టులు ఉన్న రికార్డులనే చూపిస్తాయి, లేని వాటిని సులువుగా చూపించలేవు. ఒక ఉద్యోగికి అగ్నిమాపక శిక్షణ అసలు ఇవ్వనే లేదంటే, అతని పేరు మీద ఏ నమోదూ ఉండదు, కాబట్టి ఏ రిపోర్టులోనూ అతను కనిపించడు. నిజానికి అందరికన్నా ముందు కనిపించవలసింది అతనే. ఉద్యోగి చేరిన రోజున, హోదా మారిన రోజున, 'హోదా అవసరం' పట్టికను చూసి ప్రస్తుత స్థాయి సున్నాగా ఈ వరుసలను ఆటోమేషన్ ముందే సృష్టిస్తే ఆ కొరత తీరుతుంది. హోదా మారినప్పుడు పాత వరుసలను తొలగించకుండా 'ప్రస్తుతం అవసరం లేదు' అని గుర్తు పెట్టాలి.

తొలగింపు గురించి మరో మాట. మాస్టర్-డీటెయిల్ సంబంధంలో మాస్టర్ రికార్డును తొలగిస్తే దాని కింద ఉన్నవన్నీ పోతాయి. ఉద్యోగం మానేసిన వ్యక్తి రికార్డును ఎవరో శుభ్రం చేద్దామని తొలగిస్తే, అతని శిక్షణ చరిత్ర అంతా ఆ ఒక్క నొక్కుతో మాయమవుతుంది. తొలగించే అనుమతిని అడ్మిన్‌కు తప్ప ఎవరికీ ఇవ్వకుండా, 'విధుల్లో లేరు' అనే స్థితిని వాడాలి.

స్థాయిలను మాటల్లో రాయడం

హ్యూబర్ట్, స్టువర్ట్ డ్రేఫస్ సోదరులు 1980లో ప్రతిపాదించిన నైపుణ్యాభివృద్ధి నమూనాలో కొత్తవాడి నుంచి నిపుణుడి దాకా ఐదు మెట్లు ఉన్నాయి. ఐదు స్థాయిలు పెడితే మదింపు చేసేవారు ఆలోచించకుండా మధ్యలోని మూడును ఎంచుకుంటారన్నది నా అభిప్రాయం. అందుకే నాలుగును సిఫారసు చేస్తాను. ఎన్ని పెట్టినా, ప్రతి స్థాయికీ చూసి చెప్పగలిగిన వర్ణన ఉండాలి. "మంచి అవగాహన ఉంది" అన్న వాక్యాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకుంటారు. "పక్కన ఒకరుంటే చేయగలరు", "ఒంటరిగా చేయగలరు", "లోపం వస్తే కారణం కనిపెట్టి సరిచేయగలరు", "ఇతరులకు నేర్పగలరు" అంటే ఇద్దరు మేనేజర్లు ఒకే జవాబుకు వచ్చే అవకాశం ఎక్కువ. మొదట ముప్పై నలభై నైపుణ్యాలకు మించి పెట్టకుండా ఉంటే మంచిది. వందల నైపుణ్యాల జాబితాను నింపే ఓపిక ఏ మేనేజరుకూ ఉండదు.

ఆటోమేషన్

కొత్త మదింపు చేరగానే 'ఉద్యోగి నైపుణ్యం' వరుసలోని ప్రస్తుత స్థాయి మారాలి. ఇక్కడ ఒక షరతు తప్పనిసరి. పాత తేదీ ఉన్న మదింపును ఎవరైనా ఆలస్యంగా నమోదు చేసినప్పుడు, అది తాజా స్థాయిని తుడిచిపెట్టకూడదు. మదింపు తేదీ వరుసలో ఉన్న తేదీకన్నా కొత్తదైతేనే మార్పు జరిగేలా ఫ్లో (తనంతట తాను నడిచే ఆటోమేషన్ క్రమం) రాయాలి. కోర్సు పూర్తయినందుకు మాత్రం స్థాయి తనంతట తాను పెరగకూడదు. అది మేనేజరుకు "మదింపు చేయండి" అనే టాస్క్‌ను సృష్టిస్తే చాలు.

గడువు తేదీని లెక్కించేటప్పుడు, కోర్సులో ఉన్న చెల్లుబాటు నెలలను పూర్తయిన రోజునే నమోదులోకి నకలు చేయాలి. నేరుగా కోర్సు నుంచి ఫార్ములాతో తెచ్చుకుంటే, రేపు ఎవరైనా 24 నెలలను 12గా మార్చిన క్షణాన పాత సర్టిఫికెట్లన్నిటి గడువూ మారిపోతుంది.

'చెల్లుతుంది', 'గడువు తీరింది' అన్న స్థితిని నేటి తేదీ ఆధారంగా ఫార్ములాలో చూపించవచ్చు గాని, సేల్స్‌ఫోర్స్‌లో అటువంటి ఫార్ములా విలువ మారినంత మాత్రాన ఏ ఫ్లో కూడా మొదలవదు, ఎందుకంటే రికార్డును ఎవరూ సేవ్ చేయలేదు. అందుకని గుర్తుచేసే మెయిళ్ల కోసం రోజూ నడిచే షెడ్యూల్డ్ ఫ్లో వేరుగా ఉండాలి. దానిలో "గడువుకు సరిగ్గా 30 రోజులు ఉంటే పంపు" అని రాయడం చాలామంది చేసే పొరపాటు. ఆ ఒక్క రోజు ఫ్లో నడవకపోతే ఆ మెయిల్ ఇక ఎప్పటికీ వెళ్లదు. "30 రోజులు లేదా అంతకన్నా తక్కువ ఉండి, 30 రోజుల మెయిల్ ఇంకా వెళ్లకపోతే పంపు" అని రాసి, పంపిన వెంటనే ఒక చెక్‌బాక్సు నింపాలి. 90 రోజుల ముందు ఉద్యోగికి, 30 రోజుల ముందు ఉద్యోగితో పాటు మేనేజరుకు, 7 రోజుల ముందు శిక్షణ విభాగానికి కూడా తెలియజేయడం చాలా సంస్థలకు సరిపోతుంది.

ఎవరు ఏమి చూడాలి

ఉద్యోగి తన రికార్డులను, మేనేజరు తన బృందం రికార్డులను, శిక్షణ విభాగం అన్నిటినీ చూడగలగాలి. మూల అనుమతిని ప్రైవేటుగా ఉంచి, అవసరమైన చోట తెరుస్తూ పోవాలి. సీఆర్‌ఎంలోని రోల్ హైరార్కీని (ఎవరి రికార్డులను ఏ పై అధికారి చూడవచ్చో నిర్ణయించే పదవుల క్రమాన్ని) సాధారణంగా అమ్మకాల ప్రాంతాల ప్రకారం కడతారు; ఎవరు ఎవరికి రిపోర్టు చేస్తారన్న దానితో అది కలవకపోవచ్చు. దాన్ని గుడ్డిగా నమ్మితే సంబంధం లేని అధికారికి ఒకరి బలహీనతల జాబితా కనిపిస్తుంది. 'ఉద్యోగి' పట్టికలో మేనేజరు అనే లుకప్‌ను పెట్టి, దాని ఆధారంగా అనుమతి ఇవ్వడం నయం. జీతం, వార్షిక పనితీరు గ్రేడు వంటివి ఈ యాప్‌లోకి రానే కూడదు. అవి వచ్చిన రోజు నుంచి మదింపులో నిజం చెప్పేవారు తగ్గిపోతారు.

పాత ఎక్సెల్ నుంచి తరలింపు

పాత సమాచారం దాదాపు ఎప్పుడూ ఎక్సెల్ షీట్లలోనే ఉంటుంది, ఒకే కోర్సు పేరు నాలుగు రకాల అక్షరక్రమంతో ఉంటుంది. ముందుగా పేర్లను కోడ్‌లుగా మార్చాలి. 03/04 అని ఉన్న తేదీ మార్చి నాలుగో, ఏప్రిల్ మూడో తేల్చుకుని, అన్నిటినీ సంవత్సరం-నెల-రోజు క్రమంలోకి తేవాలి. హోదాలు, నైపుణ్యాలు, కోర్సులు, ఉద్యోగులు ముందు; అనుసంధాన పట్టికలు, నమోదులు, మదింపులు తరువాత. ఉద్యోగి సంఖ్యను ఎక్స్‌టర్నల్ ఐడీగా (బయటి ఫైలులోని వరుసను రికార్డుతో పోల్చే గుర్తింపుగా) వాడి అప్‌సర్ట్ చేస్తే (రికార్డు ఉంటే మార్చి, లేకపోతే కొత్తది చేరిస్తే), అదే ఫైలును రెండోసారి ఎక్కించినా ఉద్యోగుల నకళ్లు ఏర్పడవు. నమోదులకూ అటువంటి కోడ్ ఒకటి ఇస్తే అక్కడా ఇదే రక్షణ దొరుకుతుంది. సేల్స్‌ఫోర్స్‌లోని ఇంపోర్ట్ విజార్డ్ ఒక విడతలో 50,000 రికార్డుల వరకే తీసుకుంటుంది. అంతకన్నా ఎక్కువైతే డేటా లోడర్ వాడాలి. ముందు శాండ్‌బాక్స్‌లో (పరీక్షల కోసం ఉండే నకలు వ్యవస్థలో) ప్రయత్నించాలి. అసలు ఎక్కించే సమయంలో మెయిళ్లు పంపే ఫ్లోలను ఆపివేయాలి. లేకపోతే ఎప్పుడో గడువు తీరిన సర్టిఫికెట్లకు వందలాది మెయిళ్లు ఒకే ఉదయం అందరికీ చేరతాయి.

రిపోర్టులు, మొదటి బృందం

మేనేజరుకు కావలసింది ఒకే తెర: అడ్డంగా నైపుణ్యాలు, నిలువుగా తన బృందం, లోటు ఉన్న గళ్లు రంగులో. దాని పక్కన రాబోయే 90 రోజుల గడువుల జాబితా. ఇంతకు మించిన డ్యాష్‌బోర్డులు చూడముచ్చటగా ఉంటాయి గాని ఎవరూ తెరవరు.

శిక్షణ ఫలితాన్ని కొలవడానికి డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ 1959లో చెప్పిన నాలుగు మెట్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి: పాల్గొన్నవారి స్పందన, నేర్చుకున్నది, పనిలో వచ్చిన మార్పు, సంస్థకు కలిగిన ఫలితం. తరగతి ముగిశాక నింపించే ఫారం మొదటి మెట్టును మాత్రమే తాకుతుంది. మూడో మెట్టుకు సీఆర్‌ఎం చక్కగా సాయపడుతుంది. కోర్సు పూర్తయిన 60 రోజులకు మేనేజరు పేరున ఒక టాస్క్ దానంతట అదే తెరుచుకుని, "నేర్చుకున్నది పనిలో కనిపించిందా?" అని అడిగి, జవాబును మదింపు రికార్డుగా నమోదు చేసేలా ఏర్పాటు చేయవచ్చు.

మొదట ఇరవై మందికి మించని ఒక బృందంతో ప్రారంభించి, ఒక నెల నడిపించాలి. నెలాఖరున ఆ బృందం మేనేజరును, యాప్ చూడకుండా, ప్రతి నైపుణ్యంలో తాను నమ్మే ఇద్దరి పేర్లు రాయమని అడగాలి. ఆ పేర్లు యాప్‌లోని ప్రస్తుత స్థాయిలతో ఎక్కడ విభేదిస్తే, అక్కడి మదింపు రికార్డులను తెరిచి చూడాలి: స్థాయి వర్ణన స్పష్టంగా లేదా, మదింపు పాతదా, లేక మేనేజరు అంచనాయే తప్పా అన్నది ఆధారం ఫీల్డ్‌లో తేలుతుంది. ఆ తేడాలు పరిష్కారమయ్యాకే రెండో బృందాన్ని చేర్చాలి.