నారు సన్నగా సాగిపోతుంటే తెల్ల ట్యూబ్‌లైట్ చాలు

అపార్ట్‌మెంట్‌లో ఎండ చాలక టమాటా, మిరప నారు సన్నగా సాగి పక్కకు వాలిపోతుంటుంది. దానికోసం మొక్కల కోసమే అమ్మే ఖరీదైన గులాబీ రంగు గ్రో లైట్ కొనక్కర్లేదు. ఇంట్లో వాడే 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటే తీసుకోండి, కాకపోతే అట్టపెట్టె మీద 6500కె (కాంతి రంగును చెప్పే కెల్విన్ అంకె) అని ఉండాలి. అందులో నీలి కాంతి ఎక్కువ, కాండం పొట్టిగా, గట్టిగా వస్తుంది. ఒక్క ఎరుపు లైటే పెడితే నారు ఇంకా సాగుతుంది.

మొలక కనిపించిన రోజే ఆకులకు మూడు నాలుగు అంగుళాల ఎత్తులో వేలాడదీసి, రోజుకు 14-16 గంటలు వెలిగించండి. మొక్క పెరిగేకొద్దీ లైటు పైకి జరపండి. రాత్రి ఆపేయాల్సిందే, ఆగకుండా వెలిగితే టమాటా ఆకులు పసుపెక్కుతాయి. కరెంటు రోజుకు యూనిట్‌లో మూడో వంతు కూడా కాదు.

ఇది నారు వరకే. పూత, కాయ దశకు ఈ వెలుతురు సరిపోదు, నాలుగైదు ఆకులు రాగానే మెల్లమెల్లగా ఎండకు అలవాటు చేయండి.