కౌజు పిట్టలు తూకం రావట్లేదా? ముందు షెడ్డు కొలవండి

ఐదు వారాలకు కౌజు పిట్ట 180 నుంచి 200 గ్రాములు తూగాలి. 150 దగ్గరే ఆగిందంటే చాలామంది వెంటనే దాణా మారుస్తారు. తొందరపడకండి. ముందు ఓ 50 పిట్టల్ని ఒక్కొక్కటిగా తూచండి.

సమస్య: కొన్ని బాగున్నాయి, కొన్ని బక్కగా ఉన్నాయి

అన్నీ ఒకే తీరుగా చిన్నగా ఉంటే దాణాలోనో, తెచ్చిన పిల్లల్లోనో లోపం వెతకాలి. ఒకటి 200, పక్కది 130 తూగితే ముందు ఇరుకునే అనుమానించాలి. బలమైనవి తొట్టి దగ్గర నుంచి కదలవు, బక్కవాటికి మేత అందదు. అయితే ఆడవి మగవాటికంటే సహజంగానే కొంత బరువుంటాయి. రొమ్ము మీద నల్ల చుక్కలున్నవి ఆడవి, చుక్కల్లేకుండా ఎర్రగా ఉన్నవి మగవి. వేరుచేసి తూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

పరిష్కారం: ఊక మీద పెంచితే చదరపు అడుగుకు 5 పిట్టలు. 20×25 అడుగుల షెడ్డులో 2,500, అదీ దారికీ సామానుకూ పోయే చోటు తీసేయకముందు లెక్క. గూళ్లలో అయితే మొదటి రెండు వారాలు 3×2.5 అడుగుల గూటికి 100, ఆ తర్వాత 4×2.5 గూటికి 50. తొట్టి దగ్గర పిట్టకు రెండున్నర సెంటీమీటర్లు ఉండాలి. అంటే మీటరు తొట్టికి రెండు వైపులా కలిపి 80. నేల సరిపోయినా తొట్లు చాలకపోతే నష్టం అదే.

సమస్య: రొమ్ము కండ పలచన

కోశాక బరువులో సుమారు 70 శాతమే మిగులుతుంది. 190 గ్రాముల పిట్టకు 133, 150 గ్రాముల దానికి 105. పిట్టలు కిక్కిరిస్తే షెడ్డు మొత్తం కిలోలు పెరిగినట్టే కనబడతాయి, చేతికొచ్చే పిట్ట మాత్రం చిన్నది.

సమస్య: ఘాటు వాసన, తడి ఊక

పిట్టల ఎత్తుకు వంగి చూడండి. కళ్లు మండితే అమ్మోనియా పేరుకుంది. పిడికెడు ఊక పిసికితే ముద్ద కట్టకూడదు. కట్టిన చోట తీసేసి పొడి ఊక వేయండి, డ్రింకర్ కారుతోందేమో చూడండి.

సమస్య: ఒకదాన్నొకటి పొడుచుకోవడం

గాయపడినవి వేరుచేయండి, వెలుతురు తగ్గించండి, సంఖ్య తగ్గించండి.

సమస్య: మే నెలలో నోరు తెరిచి రొప్పడం

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండల్లో చదరపు అడుగుకు 5 పిట్టల లెక్క పనికిరాదు, 4 చాలు. రేకుల మీద వరిగడ్డి పరవండి, పక్కలకు తడి గోనెపట్టాలు కట్టండి, గాలి మాత్రం ఆపకండి. మేత తెల్లవారుజామున, పొద్దుగూకాక వేయండి.

షెడ్డు ఇప్పటికే నిండిపోయిందా? తూకం వచ్చినవాటిని ముందు అమ్మేయండి, మిగతావాటికి చోటు దొరుకుతుంది. ఏడో వారం దాకా ఆపితే ఆడవి గుడ్డుకొస్తాయి, తిన్న మేత కండకు బదులు గుడ్డుకు పోతుంది.