పోయిన టైమును రోడ్డు మీద వెతక్కు

తెల్లారి ఆరింటికల్లా లారీతో సరుకు ఎక్కించే చోట గేటు దగ్గరుండాలన్నారు. నేను 5:40కే వెళ్లాను. లోపలికి పిలిచేసరికి 11:15 అయింది, లోడింగు మొదలయ్యేసరికి మధ్యాహ్నం 1:20. కాగితాలు చేతికొచ్చి గేటు దాటేటప్పటికి సాయంత్రం 4:50. సరుకు దించాల్సిన చోటు 580 కిలోమీటర్ల దూరం. మర్నాడు ఉదయం ఆరుకు అక్కడుండాలని బిల్లు మీద ముందే కొట్టేసి ఉంది. పదకొండు గంటలు వాళ్లు మింగేశారు, దాన్ని నా నిద్రలోంచి కక్కించుకోమన్నారు.

మూడేళ్లు క్లీనరుగా, 22 ఏళ్లు డ్రైవరుగా చేసినవాడిని. లేటు కాని ట్రిప్పులు వేళ్ల మీద లెక్కపెట్టగలను. కొత్తగా స్టీరింగు పట్టిన తమ్ముళ్లు అడుగుతుంటారు, ‘అన్నా, లేటు కాకుండా ఏం చెయ్యాలి’ అని. అది నా చేతిలోనూ లేదు, నీ చేతిలోనూ లేదు. లేటయ్యాక ఏం చెయ్యాలో మాత్రం చెప్తాను.

ముందు జేబులో పట్టే చిన్న నోటుబుక్కు కొనుక్కో. పెన్నుకు దారం కట్టి దానికే ముడెయ్యి. గేటు దగ్గర అరువిచ్చిన పెన్ను తిరిగొచ్చిన దాఖలా నా సర్వీసులో లేదు. ఫోనులో రాసుకోవచ్చుగా అంటావు. రాసుకో, ఫొటోలూ తీసుకో. కానీ సంతకం పెట్టమని ఫోను చాస్తే ఎవడూ పెట్టడు, పుస్తకం చాస్తే పెడతాడు. పైన చెప్పిన రోజు నా పుస్తకంలో ఇలా ఉంది:

5:40 గేటు. ముందు 14 బండ్లు.
11:15 లోపలికి.
1:20 లోడింగు మొదలు.
3:35 లోడు అయింది, తూకం అయింది.
4:50 గేటు బయట.

3:35కి, 4:50కి మధ్య ఏమైందో చూడు. లోడు ఎక్కేసింది, పట్టా కప్పేశాం, తాళ్లు బిగించేశాం, అయినా గంటంపావు నిలబడ్డాం. బిల్లులో బండి నంబరు చివరి రెండంకెలు తారుమారయ్యాయి. టైపు చేసినతను భోజనానికెళ్లాడు. అతను వచ్చాక కంప్యూటరు మొరాయించింది. అందుకే ఇప్పుడు గేటులో ఎంట్రీ రాసేటప్పుడే ఆ ఎంట్రీ స్లిప్పు తీసుకుని బండి నంబరు ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదువుతాను. గేటులో తప్పు పడితే ఆ తప్పే లోపల అన్ని కాగితాల మీదకీ పాకుతుంది. సరుకు పెట్టెల లెక్క, సీలు నంబరు, తూకం కూడా బండి కదలకముందే సరిచూసుకో. తూకం ఎక్కువొస్తే ‘ఏం కాదు, పోనివ్వు’ అనేవాడు దారిలో బండి ఆపినప్పుడు నీ పక్కన ఉండడు.

పుస్తకంలో అన్నిటికంటే విలువైన గీత మొదటిది, నువ్వు చేరిన టైము. హాల్టింగు డబ్బులు, అంటే బండిని ఊరికే నిలబెట్టినందుకు ఇచ్చే డబ్బులు, అడిగినప్పుడు గొడవంతా దాని మీదే. నేను కొత్తలో ఒకచోట రెండు రాత్రులు పడిగాపులు పడ్డాను. తీరా అడిగితే, మీ బండి నిన్న పొద్దున వచ్చినట్టే మా రిజిస్టరులో ఉంది అన్నారు. ముందు రోజు నేను లైనులో ఉన్నాను గానీ ఎంట్రీ వేయించుకోలేదు. లైను గేటు దాకా జరిగాక వేస్తాం అంటే తల ఊపాను. ఇప్పుడు లైను ఎంత పొడుగున్నా బండి పక్కన పెట్టి నడిచెళ్లి టోకెనో, స్టాంపో, కనీసం సంతకమో తీసుకుంటాను. గట్టిగా అరిస్తే మాత్రం ఇవ్వరు. ‘సార్, మా ఓనరు నన్ను తిడతాడు, ఒక్క సంతకం’ అంటే ఇస్తారు. గేటు మనిషీ మనలాంటి జీతగాడే, అతని మీద కోపం దండగ.

బయల్దేరే ముందు రోజు ఒక ఫోను కొట్టు. సరుకు సిద్ధంగా ఉందా, ఎత్తేవాళ్లు ఎన్నింటికి వస్తారు, భోజనానికి ఎప్పుడు ఆపుతారు, సంతకం పెట్టేది ఎవరు అని అడుగు. ‘ఆరింటికి రండి’ అంటే ఆరింటికి లోడు చేస్తామని కాదు, ఆరింటికి లైనులో నిలబడమని. ఎత్తేవాళ్లు వచ్చేదే పదింటికని తెలిస్తే ఆ నాలుగు గంటలు ముందు ఆగిన చోటే పడుకోవచ్చు.

పడుకోవడం గురించే అసలు చెప్పాల్సింది. గేటు ముందు ఎనిమిది గంటలు ఊరికే కూర్చున్నావు, రెస్టు దొరికినట్టేగా అంటారు ఆఫీసులో. బండి ఇరవై నిమిషాలకోసారి ఒక బండంత ముందుకు జరపాలి. కన్ను మూతపడేలోపు వెనకవాడు హారను కొడతాడు. అలా గడిపిన ఎనిమిది గంటలు నిద్ర లెక్కలో రావు, మేలుకున్న లెక్కలోనే రాసుకో. లైనులో ముందు నిలబడ్డ డ్రైవరుతో, వెనక డ్రైవరుతో దిగి మాట్లాడు. వంతులేసుకుని ఒకరు కాపలా ఉంటే ఇద్దరు పడుకోవచ్చు. క్లీనరుంటే వాణ్ణి ముందు నిద్రపుచ్చు, రాత్రి దారిలో నీతో మాట్లాడాల్సింది వాడే.

ఇప్పుడు 4:50కి గేటు బయట ఉన్నాను. ఇంజను స్టార్టు చెయ్యకముందు పుస్తకం వెనక పేజీలో ఒక లెక్క వేశాను. నువ్వూ ఇలాగే వెయ్యి.

లోడుతో నా బండి సరాసరి గంటకు 45 కిలోమీటర్లు. మీటరులో 70 కనిపిస్తుంది, అది వేరు. టోలు గేట్లు, ఊళ్లు, ఎత్తు రోడ్లు, చిన్నచిన్న ఆగుళ్లు అన్నీ కలిపితే మిగిలేది 45. నీ బండి సరాసరి నాలుగు ట్రిప్పులు రాసుకుంటే నీకే తెలుస్తుంది. 580ని 45తో భాగిస్తే 13 గంటలకు కాస్త తక్కువ. 4:50 నుంచి తెల్లారి ఆరు దాకా 13 గంటల 10 నిమిషాలు. అంటే కాగితం మీద సరిపోతోంది! పావుగంట మిగుల్తోంది కూడా. కొంప ముంచేది ఆ పావుగంటే. చేరలేనంత దూరమైతే ఎవడైనా ఫోను చేసి చెప్పేస్తాడు. చేరగలిగేట్టు కనిపిస్తేనే కాలు యాక్సిలరేటరు మీద బిగుసుకుంటుంది.

రెండో లెక్క నా ఒంటిది. ఆ రోజు లేచింది పొద్దున నాలుగింటికి. రాత్రి తొమ్మిదికి 17 గంటలవుతుంది. 17 గంటలు మేలుకున్న మనిషి చురుకు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్న మనిషి చురుకుతో సమానమని పరీక్షలు చేసి తేల్చారు. 24 గంటలైతే అది 0.10 దగ్గరకి పోతుంది. నాకు 24 గంటలు నిండేది మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి. రాత్రి రెండు నుంచి ఆరు దాకా ఎంత నిద్రపోయి వచ్చినా ఒళ్లు తూలే వేళ. రెండూ ఒకేచోట పడుతున్నాయి. మధ్యాహ్నం రెండు, నాలుగు మధ్య కూడా ఒళ్లు అలాగే బరువెక్కుతుంది, ఇంత గట్టిగా కాదు.

కునుకంటే తల వాలిపోవడమే అనుకోకు. కళ్లు తెరిచే ఉంటాయి. గంటకు 80 మీద ఉన్న బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్ల కునుకులో దాదాపు 90 మీటర్లు ఎవరూ నడపని లారీ పోయినట్టు. పోయిన రెండు కిలోమీటర్లలో ఏం దాటావో గుర్తు రావట్లేదంటే ఆగే టైము ఎప్పుడో దాటిపోయిందని అర్థం. కిటికీ దించడం, పాటలు పెంచడం, మొహం మీద నీళ్లు చల్లుకోవడం, ఇవన్నీ నేనూ చేశాను. కొద్ది నిమిషాలు పనిచేస్తాయి. కాఫీ పనిచేస్తుంది గానీ తాగిన వెంటనే కాదు, ఒంటికెక్కడానికి ఇంచుమించు అరగంట పడుతుంది. అందుకని కాఫీ తాగి వెంటనే 20 నిమిషాలకు అలారం పెట్టుకుని పడుకో. లేచేసరికి రెండూ కలిసొస్తాయి. లేచాక కాసేపు బండి చుట్టూ తిరిగి, ఆ తర్వాతే ఎక్కు. ఇది గండం గడవడానికే, రాత్రి నిద్రకు బదులు కాదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979లో చేసిన ఒప్పందంలో ఆపకుండా నడిపేది 4 గంటలు మించకూడదని, రోజుకు మొత్తం 9 గంటలు దాటకూడదని ఉంది. పాటించేదెవరని నవ్వుతావు. నవ్వు, కానీ లెక్క వేసేటప్పుడు ఆ అంకెలే వాడు. ఆ రోజు నేను వేసింది ఇదీ: తొమ్మిది దాకా 180 కిలోమీటర్లు, తెల్లారి ఐదు దాకా నిద్ర, మిగిలిన 400కి 9 గంటల కన్నా కొంచెం తక్కువ, మధ్యలో రెండు ఆగుళ్లు. చేరేది మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య.

వెంటనే ఫోను చేశాను. వెంటనే అనేది ముఖ్యం. రాత్రి రెండింటికి లేటని చెప్తే నీ తప్పవుతుంది, సాయంత్రం ఐదింటికి చెప్తే లోడింగు తప్పవుతుంది. ‘ఎక్కడున్నావ్’ అన్న ప్రశ్నకు ‘దగ్గర్లోనే’ అని ఎప్పుడూ అనకు. ఆ ఒక్క అబద్ధానికి రాత్రంతా వడ్డీ కట్టాలి. ఊరు పేరు, కిలోమీటర్లు, చేరే టైము రెండు అంకెల మధ్య చెప్పు. మా ఓనరు అరిచాడు. ఐదు నిమిషాలు అరిచాక అవతలివాళ్లకు ఫోను చేసి టైము మార్పించాడు. మార్చడం కుదురుతుందని అరిచేటప్పుడే ఆయనకు తెలుసు.

స్పీడు పెంచి కలుపుకుందామా అంటే, 50 కిలోమీటర్లు 70 బదులు 80లో పోతే మిగిలేది ఐదు నిమిషాల పైచిలుకు. బ్రేకు పట్టాక బండి ఆగే దూరం మాత్రం 30 శాతం పెరుగుతుంది. ఐదు నిమిషాలు ఒక్క టోలు గేటులో పోతాయి.

ఫోను మ్యాపు చూపించే అడ్డదారి ఇంకో ఉచ్చు. ఆ మ్యాపుకు నువ్వు కారో లారీయో తెలియదు. వంతెన ఎత్తు, కల్వర్టు మోయగల బరువు, మలుపు వెడల్పు దానికి పట్టవు. ఒకసారి జాము తప్పించుకుని 40 నిమిషాలు మిగుల్చుకుందామని పక్కదారి పట్టాను. కిలోమీటరున్నర పోయాక రైలు కట్ట కింద వంతెన, 4.2 మీటర్లని రాసుంది. కర్రతో కొలిస్తే నా లోడు 4.3. తిప్పడానికి చోటు లేదు. రాత్రి పూట క్లీనరు వెనక టార్చి పట్టుకుని నడుస్తుంటే ఆ కిలోమీటరున్నర రివర్సులో వచ్చాను. రెండు గంటలు పట్టింది. మెడ నాలుగు రోజులు తిరగలేదు. అప్పట్నుంచి లోడు ఎక్కగానే ఎత్తు కొలిచి, అంకె చీటీ మీద రాసి డ్యాష్‌బోర్డుకు అంటిస్తాను.

జాములో ఇరుక్కుంటే ఇంజను ఆపెయ్యి. పెద్ద ఇంజను ఊరికే తిరిగితే గంటకు 2, 3 లీటర్లు డీజిలు పోతుంది. ఎత్తు రోడ్డు ఎక్కి అప్పుడే ఆగితే రెండు మూడు నిమిషాలు నిదానంగా తిరగనిచ్చి ఆపు, ఇంజనులోకి గాలి తోసే టర్బో చల్లారాలి. చాలాసేపు నిలబడ్డాక కదిలేముందు గాలి మీటరు చూడు. లారీ బ్రేకులు పనిచేసేది గాలితోనే, అది మెల్లగా దిగిపోయి ఉంటుంది. ముందు బండి కదిలిందని కంగారు పడకు, ముల్లు పైకొచ్చాకే కదులు.

ఆగిన ప్రతిసారీ బండి చుట్టూ ఒక చుట్టు. జంట టైర్లలో లోపలిదే మోసం చేస్తుంది. పక్కదాని ఊతం మీద నిలబడి ఉంటుంది, బయటికి మంచిదానిలాగే కనిపిస్తుంది. రాడ్డుతో కొట్టి విను. గాలున్నది ఖంగుమని రాడ్డును వెనక్కి తంతుంది, లేనిది దబ్బుమంటుంది. అనుమానం వస్తే గేజి పెట్టు. ఉండాల్సిన దానికంటే 20 శాతం తగ్గితే పంక్చరు కిందే లెక్క, దాంతో పరిగెత్తిస్తే వేడెక్కి పేలుతుంది. అరచెయ్యి వెనక్కి తిప్పి టైరు దగ్గర పెట్టి చూడు. మిగతావాటికంటే ఒకటి బాగా వేడిగా ఉంటే గాలైనా తక్కువ, బ్రేకైనా పట్టేసి ఉంటుంది. వేడి మీదున్న టైరులో గాలి ఎక్కువ చూపించిందని తీసెయ్యకు, చల్లారితే తక్కువైపోతుంది. తాళ్లు మొదటి 50 కిలోమీటర్లలోనే ఒకసారి చూడు, లోడు సర్దుకుని వదులవుతాయి.

మర్నాడు నేను చేరింది 3:35కి. గేటు దగ్గర మళ్లీ ఆరు బండ్లు. ఇంజను ఆపకుండానే పుస్తకం తీసి రాశాను. దిగి ఎంట్రీ వేయించాను. సరుకు దించాక రసీదు మీద తక్కువ, డ్యామేజీ లాంటివి రాస్తే చదివి, నీ ముందే లెక్కపెట్టించి, అప్పుడే సంతకం పెట్టు. ఖాళీ అయిన బండి గేటు దాటిన టైము కూడా రాసి ఆ పేజీ ఫొటో తీసి ఓనరుకు పంపు. నిమిషంలో ఫోనొస్తుంది, అది హాల్టింగు గురించి కాదు, తర్వాతి లోడు గురించి. ‘పడుకుని లేచాక మాట్లాడతా అన్నా’ అని పెట్టేసి ఫోను చార్జింగులో పెట్టుకో.